వికెట్ల వెనక పాలమూరు మాట

గల్ఫ్‌లో ఒక చిన్న దేశం ఉంది. అక్కడ క్రికెట్ ఆడతారని బయటివాళ్ళకు తెలియదు సరే, అక్కడ పుట్టిపెరిగిన వాళ్ళకే సరిగ్గా తెలియదు. ఆ దేశం చొక్కా వేసుకుని ఐదేళ్ళపాటు ఎడమచేతి స్పిన్ వేసిన మనిషి ఇప్పుడు రాజోలిలో ఉంటున్నాడు. తల్లి భీమమ్మతో కలిసి తెల్లవారగానే విత్తన పత్తి చేలోకి దిగి, మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దుకుంటూ సాలు వెంట నడుస్తాడు. పేరు హరీష్. ముప్పై రెండేళ్ళుంటాయి. చేలో కూలికి వచ్చిన ఆడవాళ్ళు ఎప్పుడైనా "అన్నా, నువ్వు టీవీల ఆడినవంట గద" అంటే, "ఆడిన" అంటాడు. అంతకుమించి చెప్పడు.

రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర ఊరి మీదికి వచ్చినప్పుడు అతను పదో తరగతి. ఇల్లు కూలిపోయింది. నెలల తరబడి రేకుల షెడ్డులో ఉన్నారు. బడి మైదానం మీద మోకాలి లోతు ఒండ్రు పేరుకుంది. అది ఎండి, నెర్రెలు విచ్చి, పెంకుల్లా లేచింది. అప్పటిదాకా హరీష్ కూడా అందరిలాగే పరుగెత్తుకొచ్చి బలంగా విసిరేవాడు. ఆ ఒండ్రు మీద ఎంత బలంగా వేసినా బంతి పైకి లేవలేదు. నెమ్మదిగా గాల్లోకి వదిలి వేళ్ళతో తిప్పితే మాత్రం, నెర్రె అంచున పడి బొంగరంలా పక్కకు తిరిగేది. రోజంతా చేసే పనేమీ లేదు. బడి లేదు, చేను ఇసుక కింద ఉంది. ఆ నాలుగైదు నెలలు అతను బంతి తిప్పుతూనే ఉన్నాడు. ఒండ్రు ఎత్తేసి మైదానం బాగుచేశాక కూడా చేతికి అదే అలవాటుగా మిగిలిపోయింది.

గద్వాలలో డిగ్రీ చదివాడు. రెండుసార్లు సెలక్షన్లకు పోయి, రెండుసార్లూ పేరు రాక తిరిగి వచ్చాడు. తండ్రి అప్పటికే లేడు. ఊళ్ళో పదిమంది పోయిన దారినే అతనూ గల్ఫ్‌కు పోయాడు. సామాన్ల గోదాములో లెక్క చూసే పని. పోయిన మూడో శుక్రవారం, లేబర్ క్యాంపు పక్కన సిమెంటు పిచ్ మీద చాప పరచి ఆడుతుంటే, తనూ ఒక ఓవర్ వేస్తానని అడిగి బంతి పట్టాడు. నాలుగో బంతి చెయ్యి జారి ఫుల్‌టాస్ పడింది. తనను తానే పాలమూరు మాటలో ఒక తిట్టు తిట్టుకున్నాడు.

వికెట్ల వెనక కూర్చున్న కీపర్ లేచి నిలబడ్డాడు. నల్లగా, పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉన్న మనిషి.

"అరేయ్ తమ్మీ, ఏ ఊరురా నీది?"

"రాజోలి అన్నా. గద్వాల పక్కకు."

"మాది ఉప్పునుంతల. అచ్చంపేట దిక్కు." ఆ మనిషి గ్లవ్ తీసి చెమట తుడుచుకున్నాడు. "గా ఫుల్‌టాస్ సంగతి విడువు. దాని ముందర బంతి ఉన్నది సూడు, అసోంటిది మళ్ళ ఎయ్యి."

ఆ మనిషే లింగస్వామి. టైల్స్ పనికి పోయి, పదేళ్ళుగా అక్కడే ఉన్నాడు. మొదట్లో కీపింగ్ చేయడానికి ఎవరూ ముందుకు రాకపోతే గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఆ తర్వాత ఇక విప్పలేదు. అప్పటికే ఆ దేశం జట్టుకు కెప్టెన్. జట్టంటే ఎవరు? ఇద్దరు మలయాళీలు, నలుగురు పాకిస్తానీలు, గుజరాతీ జిగ్నేష్, ఇద్దరు శ్రీలంక వాళ్ళు, ఆ దేశంలోనే పుట్టిన కుర్రాడొకడు. మూడేళ్ళు అక్కడ నివాసం ఉంటే ఆ దేశం తరఫున ఆడవచ్చు. హరీష్‌కు ఆ మూడేళ్ళు నిండిన వారానికే లింగస్వామి వేలుపట్టి తీసుకుపోయినట్టు క్రికెట్ బోర్డు ఆఫీసుకు తీసుకుపోయాడు. కాంట్రాక్టు ఇచ్చారు. దాంతో పాటే ఒక కంపెనీలో సగంపూట ఉద్యోగం, వీసా, ఇద్దరికీ కలిపి ఒక గది.

ఆ గదిలో లింగస్వామి వంట, హరీష్ గిన్నెలు. శుక్రవారం పచ్చిపులుసు, ఎండుచేపలు. లింగస్వామి భార్య వసంత ఉప్పునుంతల నుంచి వీడియో కాల్ చేస్తే, వెనకనుంచి కూతురు శ్రీజ దూరి "బాబాయ్ ఏడీ?" అని అడిగేది. హరీష్ ఆ పిల్లను నేరుగా ఎప్పుడూ చూడలేదు. పళ్ళు ఊడిన దగ్గరనుంచి మళ్ళీ వచ్చినదాకా అంతా ఫోన్‌లోనే చూశాడు.

మైదానంలో ఆ ఇద్దరికీ ఒక సౌకర్యం ఉండేది. అవతలి బ్యాటర్లకు హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు అన్నీ తెలుసు. పాలమూరు తెలుగు తెలియదు. లింగస్వామి వికెట్ల వెనకనుంచి గట్టిగానే చెప్పేవాడు. "తమ్మీ, గీనికి కాలు లేస్తలేదు, లోపటికెయ్యి." "జర బైటికెయ్యి, ముందుకొస్తడు." "పరేషాన్ గాకు, వాడే పరేషానున్నడు." వికెట్ల దగ్గర పెట్టిన మైకులో ఆ మాటలన్నీ నెట్‌లో వచ్చే ప్రసారంలోకి వచ్చేవి. రాజోలిలో పెంటయ్య టీ హోటల్ దగ్గర ఫోన్ చుట్టూ మూగిన జనం విరగబడి నవ్వేవారు. భీమమ్మకు ఆట అర్థమయ్యేది కాదు. ఎవరు కొడుతున్నారో, ఎవరు గెలుస్తున్నారో తెలిసేది కాదు. అయినా వచ్చి బల్ల చివర కూర్చునేది.

"గా అన్న గొంతు ఇనవడుతుంటే నువ్వు మంచిగున్నట్టే కొడుకా" అనేది ఫోన్‌లో.

అట్లా ఐదేళ్ళు. గెలిచిన రోజులున్నాయి, ఓడినవి ఇంకా ఎక్కువ. ఆఖరికి ప్రపంచ కప్ అర్హత పోటీల్లో సెమీఫైనల్ దాకా వచ్చారు. అది గెలిస్తే ఆ దేశం మొదటిసారి ప్రపంచ కప్ ఆడుతుంది. అవతలి జట్టుకు పెద్ద దిక్కైన బ్యాటర్‌ను హరీష్ అంతకుముందు మూడుసార్లు అవుట్ చేశాడు. లింగస్వామికి ముప్పై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు పోయాయి. రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుని పట్టీలు కట్టుకుంటే తప్ప తెల్లారి కూర్చోలేడు. ఈ ఒక్క మ్యాచ్, ఆ తర్వాత ప్రపంచ కప్, ఆ తర్వాత చాలు అనేవాడు.

సెమీఫైనల్‌కు రెండు వారాల ముందు హరీష్‌కు పిలుపు వచ్చింది. ఇంకో దేశంలో కొత్తగా పెడుతున్న పది ఓవర్ల ఫ్రాంచైజీ లీగ్. తను చిన్నప్పుడు టీవీలో చూసిన ఆటగాళ్ళు అందులో ఉన్నారు. జీతం ఎక్కడ, ఆ ఇచ్చేది ఎక్కడ, పోలికే లేదు. తేదీలు మాత్రం సరిగ్గా సెమీఫైనల్ మీద పడ్డాయి. బోర్డు వాళ్ళు అనుమతి ఇచ్చేది లేదన్నారు. పోవాలంటే కాంట్రాక్టు వదులుకొని పోవాలన్నారు.

ఆ సాయంత్రం లింగస్వామి పొయ్యి దగ్గర ఉల్లిగడ్డ కోస్తున్నాడు. హరీష్ తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు.

"పదిహేను రోజులాగు తమ్మీ" అన్నాడు లింగస్వామి, కత్తి ఆపకుండా. "గా మ్యాచ్ ఆడి పో. మధ్యల చేరుత అని చెప్పు వాళ్ళకు."

"అడిగిన. మొదటి రోజే ఉండాలంటున్నరు. లేకుంటే ఇంకొకన్ని తీస్కుంటరు."

"తీస్కోనియ్యి."

"నాకు ముప్పై వస్తున్నయ్ అన్నా. మళ్ళెప్పుడు పిలుస్తరు? గీ దేశం మనదా? రేపు నా భుజం పోతే దవాఖాన్ల గూడ చూపియ్యరు, విమానం ఎక్కిస్తరు. ఇరవై ఏండ్లున్నా మనం ఈడ కిరాయికున్నోళ్ళమే."

లింగస్వామి కత్తి పక్కన పెట్టాడు. "దేశం సంగతి నాకు తెల్వదురా. నేను టైల్స్ ఏస్కునేటోన్ని. కని గా పదిమందితోని ఒక్క గిన్నెల అన్నం తిన్నం గద. జిగ్నేష్ పెండ్లి వాయిదా ఏసుకున్నడు గీ మ్యాచ్ కోసం. నువ్వు లేకుంటే మధ్య ఓవర్లు ఎవలేస్తరు చెప్పు?"

హరీష్ తలుపు వదిలి లోపలికి రెండడుగులు వేశాడు.

"నిన్నెవలు పిలువలే గనుక గట్ల అంటున్నవ్" అన్నాడు.

లింగస్వామి పొయ్యి కట్టేశాడు. కోసిన ఉల్లిగడ్డలు గిన్నెలో పోసి మూత పెట్టాడు. పట్టీలు తీసుకుని బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. మరునాడు హరీష్ సంచి సర్దుకుంటుంటే, మరచిపోయిన తువ్వాలు తెచ్చి పైన పెట్టాడు. "పైలం" అన్నాడు. అంతే.

లీగ్‌లో హరీష్ ఒకే ఒక మ్యాచ్ ఆడాడు, అందులో ఒక ఓవర్ వేశాడు. టీవీలో చూసిన ఆటగాళ్ళతో ఒకే బస్సులో కూర్చున్నాడు. వాళ్ళకు అతని పేరు పలకడం రాలేదు. ఇద్దరు ముగ్గురు 'స్పిన్నర్' అని పిలిచారు. మిగిలిన మ్యాచ్‌లన్నీ బెంచీ మీదే.

సెమీఫైనల్ రోజు అతనికి ఆట లేదు. హోటల్ గదిలో మంచం మీద కూర్చుని ఫోన్‌లో చూశాడు. లింగస్వామి జట్టు ముందు ఆడి నూట ముప్పై ఎనిమిది చేసింది. తక్కువేమీ కాదు. అవతలివాళ్ళవి మూడు వికెట్లు త్వరగానే పోయాయి. తొమ్మిదో ఓవర్‌కు బంతి జిగ్నేష్ చేతికి వచ్చింది. అతను కుడిచేతి స్పిన్నర్. ఎదురుగా ఉన్నది, హరీష్ మూడుసార్లు అవుట్ చేసిన ఆ పెద్ద బ్యాటరే.

వికెట్ల వెనకనుంచి గొంతు వినిపించింది.

"తమ్మీ, జర బైటికెయ్యి. ముందుకొస్తడు."

జిగ్నేష్ ఆగిపోయాడు. "క్యా బోలా, కప్తాన్?"

కెమెరా దగ్గరగా పోయింది. లింగస్వామి గ్లవ్స్ రెండూ ఒకదానికొకటి రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"కుఛ్ నహీ" అన్నాడు. "డాలో."

ఆ తర్వాత మ్యాచ్ మొత్తం వికెట్ల వెనకనుంచి ఒక్క మాట లేదు. పెద్ద బ్యాటర్ చివరిదాకా నిలిచాడు. ఇంకా రెండు బంతులు ఉండగానే గెలిచేశారు. జిగ్నేష్ పిచ్ మీదే కూర్చుండిపోయాడు. లింగస్వామి వంగలేక వంగి, అతని చంకల కింద చేతులు వేసి లేపాడు. అవతలివాళ్ళందరికీ చేతులు కలిపాడు. నడుస్తూ నడుస్తూనే గ్లవ్స్ విప్పాడు.

హరీష్ ఫోన్ పక్కన పెట్టకముందే మోగింది. భీమమ్మ. కొడుకు ఆడకపోయినా ఆమె ఆ పూట పెంటయ్య హోటల్‌కు పోయి కూర్చుంది.

"కొడుకా, నువ్వు ఆడ లేవు గద?"

"లేనమ్మా."

"మరి గా అన్న తమ్మీ అని ఎవర్ని పిలిచిండు?"

"ఇనవడుతలేదా?" అని ఆమె రెండుసార్లు అడిగి పెట్టేసింది.

పదో రోజుకు లీగ్ ఆగిపోయింది. జట్టు యజమాని ఫోన్ ఎత్తలేదు. హోటల్ వాళ్ళు సామాన్లు కిందికి దింపి వరండాలో పెట్టారు. పెద్ద ఆటగాళ్ళు ఎవరి దేశానికి వాళ్ళు టికెట్ కొనుక్కుని పోయారు. హరీష్ మూడు రోజులు ఆ వరండాలోనే ఉండి, తన ఊరివాళ్ళనే డబ్బులడిగి ఎట్లాగో ఇల్లు చేరాడు. గల్ఫ్ బోర్డు అతని కాంట్రాక్టు అప్పటికే తీసేసింది, దానితో వీసా కూడా పోయింది. దాని గురించి అతను ఎవరితోనూ కొట్లాడలేదు. ఓడిన జట్టు కెప్టెన్‌ను కూడా ఉద్యోగమిచ్చిన కంపెనీ ఇంక పెట్టుకోలేదని, లింగస్వామి పెట్టె సర్దుకుని ఉప్పునుంతల పోయాడని జిగ్నేష్ మెసేజ్ పెట్టాడు. దాని కింద హరీష్ ఎన్నోసార్లు ఏదో రాసి చెరిపేశాడు.

రెండేళ్ళు గడిచాయి. ఉప్పునుంతల ఎంత దూరం? పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరే దూరం. ఫోన్ నంబరూ ఉంది. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక అతను పోలేదు. ఒకనాడు చేలో భీమమ్మ పువ్వు రుద్దుతూ రుద్దుతూ అంది. "గా అన్న మంచిగున్నడో లేడో. ఒకపారి పోయి సూసి రారాదు? అన్నం పెట్టినోడాయె."

మరునాడే పోయాడు. గద్వాలలో బస్సు మారి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, వనపర్తిలో మారి, నాగర్‌కర్నూలులో అచ్చంపేట బస్సెక్కాడు. దారి పొడవునా నోట్లో ఒకటే మాట తిప్పుకుంటూ కూర్చున్నాడు. అన్నా, నేనన్నది తప్పు. అన్నా, గా మాట నేను అనకపోయేది ఉండె.

లింగస్వామి ఇంటి ముందు, పీకి తెచ్చిన చెట్లనుంచి వేరుశనక్కాయ తెంపుతూ ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. కుడికాలు చాపి ఉంది. జుట్టు నెరిసింది. హరీష్ గేటు తీయగానే తలెత్తి చూశాడు. లేచి నిలబడ్డాడు. చేతుల మట్టి దులుపుకుని, రెండు చేతులూ జోడించాడు.

"నమస్తే. రాండ్రి, రాండ్రి. కూసోండ్రి."

హరీష్ తన వెనక ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"అన్నా, నేను హరీష్‌ను."

"తెల్సు. మంచిగున్నరా? అమ్మ మంచిగున్నదా?" అని లోపలికి తిరిగి పిలిచాడు. "వసంతా, రాజోలి నుంచి హరీష్ గారొచ్చిండ్రు. సల్ల తే."

వసంత చెంబుతో వచ్చి, మొగుడి ముఖం చూసి, హరీష్ ముఖం చూసి, అట్లాగే నిలబడిపోయింది. లోపలినుంచి శ్రీజ పరుగెత్తుకొచ్చింది. పొడుగైంది, రెండు జడలు. "బాబాయ్!" అని అతని చెయ్యి పట్టుకోబోయింది.

"లోపటికి పో బిడ్డా, చదువుకో" అన్నాడు లింగస్వామి. గొంతులో కోపం లేదు. పిల్ల ఇద్దర్నీ చూసి లోపలికి పోయింది.

మజ్జిగ తాగాడు. అన్నం తినమంటే తిన్నాడు. లింగస్వామి ఎదురుగా కూర్చుని, ఏం కావాలో చూసి చూసి వడ్డించాడు. వానల గురించి, పత్తి ధర గురించి, కల్వకుర్తిలో తను చేస్తున్న టైల్స్ పని గురించి చెప్పాడు. ప్రతి మాట చివరా ఆ 'అండ్రి' ఉంది. తినుండ్రి. ఏసుకోండ్రి. చెప్పుండ్రి. ఊరికి కొత్తగా వచ్చిన సారుతో మాట్లాడినట్టు, ఎక్కడా పొల్లుపోని మర్యాద.

చేతులు కడుక్కుని వచ్చాక హరీష్ ఆగలేకపోయాడు.

"అన్నా, గా రోజు నేనన్న మాట…"

"ఏ మాట?"

"నిన్నెవలు పిలువలే అని."

"అబద్ధమైతే గద బాధవడాలె" అన్నాడు లింగస్వామి నవ్వి. "మీరన్నది నిజమే. నన్నెవలు పిలిచిండ్రు?"

"నన్ను తిట్టన్నా. కొట్టు. గిట్ల అండ్రి గిండ్రి అని మాత్రం అనకు."

లింగస్వామి పీట మీద మళ్ళీ కూర్చుని ఒక చెట్టు తీసుకున్నాడు.

"తిట్టేదంతా తిట్టిన. రెండేండ్లు మనసుల తిడుతనే ఉన్న. ఒక దినం పొద్దుగాల లేచి చూస్తే తిట్టబుద్ధి గాలే. ఇగ నా దగ్గర ఏం లేదు. మీరు నా ఇంటికొచ్చిండ్రు, నాకు సంతోషమే." గోడ గడియారం వైపు చూశాడు. "మూడింటికి నాగర్‌కర్నూలు బస్సున్నది. అది పోతే మీకు వనపర్తిల కష్టమైతది."

హరీష్ లేచాడు. కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ఆ మనిషి దానికి కూడా "ఎందుకండ్రి" అంటాడేమోనని భయపడి పెట్టలేదు.

బస్సు ఆగే చోట నిలబడి ఉంటే వసంత వచ్చింది. పరుగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. చేతిలో సంచి నిండా వేరుశనక్కాయ.

"అమ్మకియ్యి" అంది. సంచి ఇచ్చి కూడా వదల్లేదు, దాని పిడి ఒకటి పట్టుకునే ఉంది. "తమ్మీ, ఒక మాట చెప్త. ఏమనుకోకు."

"చెప్పు వదినా."

"మళ్ళ రాకు."

అతను సంచి వైపు చూశాడు.

"నీ మీద కోపంతోని కాదు. నువ్వంటే నాకు తమ్మునిలెక్కనే." ఆమె కళ్ళు నిండాయి. "వచ్చిన కొత్తల ఆరు నెలలు ఎవలతోని మాట్లాడలే మనిషి. మేము ఎదురుంగ ఉంటే గూడ లేనట్టే ఉండె. ఇప్పుడిప్పుడే పనికి పోతుండు, పిల్లతోని నవ్వుతుండు. నువ్వు గేట్ల కాలు వెట్టినప్పటి సంది ఆయన ఒక్క మెతుకు ముట్టలే. నువ్వు చూడలే. కూర ఏసేటప్పుడు నేను చూసిన. ఇగ రెండు దినాలు తినడు, పండడు. మళ్ళ మొదటికొస్తది తమ్మీ. మేము ఓర్సుకోలేము."

బస్సు వచ్చింది. హరీష్ తల ఊపాడు. ఎక్కి కూర్చుని చూస్తే వసంత కొంగుతో ముఖం తుడుచుకుంటూ అప్పటికే వెనక్కి నడుస్తోంది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. భీమమ్మ సంచి అందుకుని కాయలు పిడికిట్లోకి తీసుకుని చూసింది. "మంచి కాయ. గట్టిగున్నది. అన్న ఎట్లున్నడు?"

"మంచిగున్నడమ్మా."

"నిన్ను చూసి ఏమన్నడు?"

"మంచిగనే మాట్లాడిండు. అన్నం గూడ పెట్టిండు."

"గదే చెప్తున్న నేను. రెండేండ్ల సంది ఊకె భయపడితివి." ఆమె ముఖం వెలిగిపోయింది. చేట తెచ్చుకుని కాయలు పోసుకుంది. "మరి మళ్ళెప్పుడు రమ్మన్నడు?"

హరీష్ చెంబుతో నీళ్ళు ముంచుకుని వాకిట్లోకి పోయాడు. కాళ్ళు కడుక్కున్నాడు, ముఖం కడుక్కున్నాడు, మళ్ళీ కాళ్ళు కడుక్కున్నాడు.

"పని శాన ఉన్నదంటమ్మా" అన్నాడు బయటనుంచే. "ఇప్పట్ల తీరదంట."